మా సంఘం సర్వర్‌లోకి నేనే వెళ్లలేకపోయిన రోజు

మా ప్రాంతంలోని ఒక పాల ఉత్పత్తిదారుల సంఘానికి కంప్యూటర్ల పని నేను 9 సంవత్సరాలుగా చూస్తున్నాను. మాకు 38 గ్రామాల్లో సేకరణ కేంద్రాలు ఉన్నాయి. ఉదయం, సాయంత్రం రైతులు క్యాన్లతో వచ్చి పాలు పోస్తారు. యంత్రం ఆ పాలలోని వెన్న శాతాన్ని, ఎస్‌ఎన్‌ఎఫ్‌ను, అంటే వెన్న కాకుండా మిగిలిన ఘన పదార్థాల శాతాన్ని, చూపిస్తుంది. ఆ రెండు అంకెలను ధరల పట్టికతో సరిచూసి, లీటరుకు ఎంత పడుతుందో లెక్క కట్టిన చీటీ రైతు చేతికి వస్తుంది. ఆ చీటీలోని వివరమే ఇంటర్నెట్ ద్వారా మా సర్వర్‌కు కూడా చేరుతుంది. పక్షం రోజులకు ఒకసారి ఆ వివరాలన్నిటినీ కలిపి బిల్లు తయారు చేసి, రైతుల బ్యాంకు ఖాతాల్లో డబ్బు వేస్తాము. రెండు గేదెల పాల మీద ఇల్లు గడుపుకునే కుటుంబాలు మా సభ్యుల్లో చాలా ఉన్నాయి. బిల్లు ఒక్క పూట ఆలస్యమైనా కార్యాలయానికి ఫోన్లు మొదలవుతాయి, ఆ ఫోన్లు చేసేవారి తప్పు ఏమీ లేదు.

ఈ సర్వర్ మా కార్యాలయంలో ఉండదు. అద్దెకు తీసుకున్న యంత్రం, ముంబయిలోని ఒక డేటా సెంటర్‌లో ఉంటుంది. దానికి నేను చేత్తో తాకగలిగే కీబోర్డు గానీ, కళ్లతో చూడగలిగే తెర గానీ లేదు. మా ఊరి నుంచి ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా, అంటే దూరంలోని యంత్రంలోకి నెట్‌వర్కు మీద భద్రంగా లాగిన్ అయ్యే పద్ధతిలో, లోపలికి వెళ్లడం ఒక్కటే రోజువారీ దారి. పాస్‌వర్డ్‌తో లాగిన్ కావడాన్ని ఎప్పుడో ఆపేశాను, ఎందుకంటే పాస్‌వర్డ్‌లు ఊహించి చూసే ప్రయత్నాలు సర్వర్ జరిగిన ప్రతిదీ రాసుకునే లాగ్‌లో పగలూ రాత్రీ కనిపించేవి. అందువల్ల నా ల్యాప్‌టాప్‌లో ఉన్న రహస్య కీ, సర్వర్‌లోని ఆథరైజ్డ్ కీస్ అనే ఫైలులో నమోదైన దాని జోడు కీ, ఈ రెండూ కలిస్తేనే తలుపు తెరుచుకుంటుంది.

జరిగిన పొరపాటు చాలా మామూలు పనిలో జరిగింది. ఆ వారం పాల ధర మారింది. కొత్త ధరల పట్టికను సర్వర్‌లో పెట్టే బాధ్యతను, కొన్ని నెలల ముందు మా దగ్గర చేరిన ఒక అమ్మాయికి అప్పగించాను. ఆమెకు విడిగా ఒక ఖాతా ఉంది, నిర్వాహక అధికారాలు మాత్రం లేవు. పట్టికల ఫోల్డర్ నేను వాడే నిర్వహణ ఖాతా హోమ్ డైరెక్టరీలో, అంటే ఆ ఖాతా సొంత ఫోల్డర్‌లో, ఉండేది. అది అక్కడ ఉండవలసింది కాదు, కానీ మొదటి రోజుల్లో తొందరలో అక్కడ పెట్టి అలాగే వదిలేశాను. ఆమెను నా ఖాతా గ్రూపులో చేర్చాను. అయినా ఆ గ్రూపుకు చదివే అనుమతి తప్ప రాసే అనుమతి లేకపోవడంతో, పట్టికను పెట్టబోతే సర్వర్ ఒప్పుకోలేదు.

అప్పటికి మధ్యాహ్నం 3 గంటలు దాటింది. సాయంత్రం పాలు మొదలయ్యేలోపు కొత్త పట్టిక ఎక్కాలని నా ఆత్రం. పట్టికల ఫోల్డర్ ఒక్కదానికే రాసే అనుమతి ఇవ్వవలసిన చోట, హోమ్ డైరెక్టరీ మొత్తానికి, లోపలి ఫోల్డర్లన్నిటితో సహా, గ్రూపుకు రాసే అనుమతి ఇస్తూ సీహెచ్‌మోడ్ కమాండ్ నడిపాను. ఒక్క క్షణంలో అయిపోయింది. ఆ అమ్మాయి మళ్లీ ప్రయత్నించి, ఫోల్డర్‌లో ఒక ఖాళీ ఫైలు సృష్టించగలిగానని చెప్పింది. ఇంతలో కొత్త ధర మీద పాలక వర్గం తుది సంతకం ఇంకా కాలేదని కార్యాలయం నుంచి కబురు వచ్చింది. పట్టిక ఎక్కించడం మర్నాటికి వాయిదా పడింది. నేను ఎగ్జిట్ అని కొట్టి బయటికి వచ్చేశాను.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి. ఆ కమాండ్ నడిపిన తర్వాత కూడా తెర మీద నా ముందున్న లాగిన్ కిటికీ మామూలుగానే పని చేసింది. లాగిన్ అయ్యే సమయంలో మాత్రమే సర్వర్ కీలను, ఫైళ్ల అనుమతులను తనిఖీ చేస్తుంది. ఒకసారి లోపలికి వచ్చిన వారిని మళ్లీ అడగదు. అందువల్ల తలుపు నా వెనక మూసుకుపోయిన సంగతి, నేను లోపల ఉన్నంతసేపూ నాకు తెలిసే అవకాశమే లేదు. బయటికి వెళ్లక ముందు ఇంకో కిటికీలో ఒక్కసారి లాగిన్ అయి చూసి ఉంటే అక్కడే బయటపడేది.

మర్నాడు నెల 14వ తేదీ. 15వ తేదీ సాయంత్రం పాలతో పక్షం ముగుస్తుంది, 16న బిల్లు తయారు చేయాలి. ఆ పనిని నేను లోపలికి వెళ్లి చేత్తో మొదలుపెట్టాలి. ఉదయం 7 గంటలకు లాగిన్ కాబోతే అనుమతి నిరాకరించినట్లు ఒకే ఒక్క వాక్యం వచ్చింది. కీ పేరు తప్పు ఇచ్చానేమో అనుకుని మళ్లీ ప్రయత్నించాను. అదే జవాబు.

మొదట నా ల్యాప్‌టాప్‌ను అనుమానించాను. రహస్య కీ ఫైలు ఉండవలసిన చోటే ఉంది, దాని అనుమతులు సరిగానే ఉన్నాయి. తర్వాత ఎస్‌ఎస్‌హెచ్‌ను వివరంగా మాట్లాడించే పద్ధతిలో నడిపి చూశాను. తెర మీద వచ్చిన పదుల వాక్యాలను ఒక్కొక్కటే చదివాను. సర్వర్ దొరికింది, సంభాషణ మొదలైంది, సర్వర్ గుర్తింపు పాతదే, నా కీని ముందుకు చాపాను. ఆ తర్వాత సర్వర్ చెప్పింది ఏమిటంటే, ఇంకా ప్రయత్నించదలిస్తే కీల పద్ధతి ఒక్కటే ఉంది అని. నా కీ ఎందుకు పనికిరాలేదో ఒక్క ముక్క కూడా లేదు. ఇది సర్వర్ కావాలని పాటించే మౌనం. కారణం చెబితే దాన్ని దొంగ కూడా వింటాడు కాబట్టి, అసలు కారణాన్ని సర్వర్ తన లోపలి లాగ్‌లో మాత్రమే రాసుకుంటుంది. ఆ లాగ్ చదవాలంటే లోపలికి వెళ్లాలి, లోపలికి వెళ్లడమే ఇక్కడ కుదరని పని.

కార్యాలయంలోని కంప్యూటర్‌లో ఇదే ఖాతాకు ఇంకో కీ ఉంది. అక్కడి నుంచి ప్రయత్నించమని అడిగితే దానికీ అదే జవాబు వచ్చింది. రెండు వేర్వేరు యంత్రాల్లోని రెండు కీలు ఒకే రాత్రి పాడయ్యే అవకాశం లేదు, కాబట్టి తేడా సర్వర్‌లోనే ఉందని తేలింది. కొత్త అమ్మాయి మాత్రం తన ఖాతాతో ఏ ఇబ్బందీ లేకుండా లోపలికి వెళ్లగలిగింది. అంటే ఎస్‌ఎస్‌హెచ్ సేవ, ఫైర్‌వాల్, నెట్‌వర్కు అన్నీ బాగానే ఉన్నాయి, నా ఖాతా ఒక్కదానికే ఏదో అయింది. కేంద్రాల నుంచి చీటీల వివరాలు కూడా యథావిధిగా చేరుతూనే ఉన్నాయి, ఎందుకంటే పాల లెక్కల ప్రోగ్రామ్ వేరే ఖాతా కింద నడుస్తుంది. ఇది నాకు కొంత ఊరట, కొంత ఇరకాటం. పని చేస్తున్న సర్వర్‌ను ఆపితే తప్ప నేను లోపలికి వెళ్లలేనేమో అన్న ఆలోచన అప్పుడే మొదలైంది.

ఆమె ఖాతా నుంచి లాగ్ చదివించబోయాను. నిర్వాహక అధికారం లేని ఖాతాకు ఆ ఫైలు తెరుచుకోలేదు. అది నేనే పెట్టిన కట్టుదిట్టం, సరైనదే కూడా.

ఇక మిగిలింది సర్వర్ అద్దెకిచ్చిన సంస్థ కంట్రోల్ ప్యానెల్. దానిలో కన్సోల్ అనే సౌకర్యం ఉంటుంది. అది సర్వర్‌కు నేరుగా కీబోర్డు, తెర తగిలించినట్లు పని చేస్తుంది, ఎస్‌ఎస్‌హెచ్‌తో దానికి సంబంధం లేదు. కానీ ప్యానెల్‌లోకి వెళ్లాలంటే ఓటీపీ కావాలి. ఖాతా తెరిచిన రోజున మా లెక్కల అధికారి ఫోన్ నంబరు ఇచ్చి ఉన్నాము, ఆయన ఆ రోజు కుటుంబంతో తిరుమలలో ఉన్నారు. దర్శనం క్యూలోకి ఫోన్లు తీసుకువెళ్లనివ్వరు, ముందే డిపాజిట్ చేయాలి. ఉదయం 8 గంటల నుంచి ఆయన ఫోన్ మోగుతూనే ఉంది, ఎత్తేవారు లేరు. ఆయన బయటికి వచ్చి ఫోన్ చేతికి తీసుకుని నాకు తిరిగి చేసేసరికి మధ్యాహ్నం 1 గంట 10 నిమిషాలు. మొదటిసారి పంపిన అంకెలు గడువు దాటిపోయాయి, రెండోసారి పంపినవి పని చేశాయి. ఆయన లడ్డూల లైన్లో నిలబడే ఆరు అంకెలనూ రెండుసార్లు చదివి వినిపించారు. ఆ ఓపికకు నేను ఇప్పటికీ కృతజ్ఞుణ్ణి.

కన్సోల్ తెరిచాను. నల్లని తెర మీద లాగిన్ అని అడుగుతూ గీత మెరుస్తోంది. ఖాతా పేరు కొట్టాను, పాస్‌వర్డ్ అడిగింది. అప్పుడు గుర్తుకు వచ్చింది, ఆ సర్వర్‌లో ఏ ఖాతాకూ పాస్‌వర్డ్ పెట్టలేదు. సర్వాధికారాలూ ఉండే రూట్ ఖాతాకు కూడా లేదు. క్లౌడ్ సర్వర్లలో ఉబుంటు అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ ఇలాగే వస్తుంది, అన్నీ కీల మీదే నడుస్తాయి. ఎస్‌ఎస్‌హెచ్‌లో పాస్‌వర్డ్‌ను ఆపడం ఒకటి, ఖాతాకు అసలు పాస్‌వర్డే లేకపోవడం ఇంకొకటి. మొదటిది భద్రత. రెండోది నా విషయంలో, కన్సోల్ అనే పెరటి గుమ్మానికి తాళంచెవే చేయించకపోవడం. ప్యానెల్‌లో పాస్‌వర్డ్ మార్చే బటన్ ఒకటి ఉంది కానీ, దానికి సర్వర్ లోపల ఒక సహాయక ప్రోగ్రామ్ నడుస్తూ ఉండాలి, దాన్ని మేము ఎక్కించలేదు.

రెస్క్యూ మోడ్ తప్ప దారి లేదని అర్థమైంది. ఈ పద్ధతిలో సర్వర్ తన సొంత డిస్కు నుంచి కాకుండా, సంస్థ ఇచ్చే ఒక చిన్న తాత్కాలిక లినక్స్ నుంచి మొదలవుతుంది. మన డిస్కు పక్కన పెట్టిన పెట్టెలాగా ఉంటుంది. దాన్ని బయటి నుంచి తెరిచి లోపలి ఫైళ్లను సరిచేసి, మళ్లీ మామూలుగా మొదలుపెట్టాలి. ఆ సేపంతా సర్వర్ పని చేయదు. ఉదయం పాలు 9 గంటలకే ముగుస్తాయి, సాయంత్రం పాలు 4 గంటలకు మొదలవుతాయి. గడియారంలో సరిగ్గా 1 గంట 40 నిమిషాలు అయింది. సేకరణ విభాగం పర్యవేక్షకుడికి ఫోన్ చేసి, 4 గంటలలోపు సర్వర్‌ను తిరిగి నిలబెడతానని మాట ఇచ్చాను.

దాన్ని ఆపక ముందు మొత్తం డిస్కుకు స్నాప్‌షాట్, అంటే ఆ క్షణంలో ఉన్నది ఉన్నట్లు ఒక నకలు, తీయించాను. అందులో పక్షం రోజుల రైతుల లెక్క ఉంది. నా చేయి మళ్లీ జారితే వెనక్కి వెళ్లడానికి ఒక మెట్టు ఉండాలి కదా. స్నాప్‌షాట్‌కే దాదాపు 40 నిమిషాలు పట్టింది. ఆ సేపు ఖాళీగా కూర్చోవడం కష్టంగానే ఉన్నా, ఆ నిర్ణయం సరైనదేనని ఇప్పటికీ అనుకుంటాను.

రెస్క్యూ మోడ్‌లో సర్వర్ లేచింది. ప్యానెల్ ఇచ్చిన తాత్కాలిక పాస్‌వర్డ్‌తో లాగిన్ కాబోతే, తెర నిండా హెచ్చరిక వచ్చింది: ఈ చిరునామాలోని యంత్రం గుర్తింపు మారిపోయింది, మధ్యలో ఎవరైనా దొంగచాటుగా వింటూ ఉండవచ్చు అని. ఇక్కడ మారడం సహజమే, లేచింది తాత్కాలిక లినక్స్ కాబట్టి దాని గుర్తింపు వేరుగా ఉంటుంది. అయినా ప్యానెల్‌లో చూపించిన గుర్తింపు అక్షరాలను తెర మీది వాటితో పోల్చి చూసుకున్నాకే ముందుకు వెళ్లాను. పాత గుర్తింపును నా ల్యాప్‌టాప్‌లోంచి చెరిపేయలేదు. ఈ ఒక్కసారికి గుర్తింపులు వేరే ఫైలులో రాసుకోమని చెప్పాను. దానివల్ల సర్వర్ తన సొంత రూపంలో తిరిగి వచ్చినప్పుడు అది నిజంగా మా సర్వరేనని పాత గుర్తింపే సాక్ష్యం చెబుతుంది.

లోపల డిస్కుల జాబితా చూశాను. 80 జీబీ డిస్కు, దానిలో పెద్ద భాగం మా అసలు ఫైల్ సిస్టమ్. దాన్ని ఎంఎన్‌టీ అనే చోట మౌంట్ చేశాను, అంటే లోపలి ఫైళ్లు అందేలా తగిలించాను. ఉదయం నుంచి చదవాలని తహతహలాడిన లాగ్ ఫైలు ఎట్టకేలకు కళ్ల ముందు తెరుచుకుంది. ఉదయం నేను చేసిన ప్రతి ప్రయత్నానికీ ఒకటే వాక్యం: ఆథెంటికేషన్ రెఫ్యూజ్డ్, బ్యాడ్ ఓనర్‌షిప్ ఆర్ మోడ్స్ ఫర్ ఫైల్, ఆ తర్వాత నా ఆథరైజ్డ్ కీస్ ఫైలు పూర్తి దారి. ఆ ఫైలు యాజమాన్యంలో గానీ అనుమతుల్లో గానీ తేడా ఉంది, అందుకే నిరాకరించాను అని సర్వర్ తన డైరీలో రాసుకుంది.

ఆ ఫైలు అనుమతులు చూస్తే 620 అని ఉంది. ఉండవలసింది 600. మధ్యలోని ఆ 2 అన్న అంకె చూడగానే నిన్న మధ్యాహ్నం నేను కొట్టిన కమాండ్ కళ్ల ముందు మెదిలింది. మొదటి అంకె యజమానికి, రెండోది గ్రూపుకు, మూడోది మిగిలిన లోకానికి. చదవడం 4, రాయడం 2, నడపడం 1. గ్రూపుకు సున్నా ఉన్న చోట నేను రాసే అనుమతిని తెచ్చి కలిపాను. కారణం దొరికిన ఆనందంలో ఆ ఫైలును 600కు మార్చి, డిస్కును అన్‌మౌంట్ చేసి, మామూలుగా లేవమని ప్యానెల్‌లో ఆదేశించాను.

3 గంటల 25 నిమిషాలకు సర్వర్ లేచింది. కేంద్రాల పేజీ తెరుచుకుంది. పర్యవేక్షకుడికి ఇచ్చిన మాట నిలబడింది. ఎస్‌ఎస్‌హెచ్‌తో లాగిన్ కాబోయాను. మళ్లీ అదే నిరాకరణ.

ఆ క్షణంలో నా చేతులు నిజంగానే చల్లబడ్డాయి. మళ్లీ రెస్క్యూ మోడ్‌లోకి వెళితే 4 గంటలలోపు తిరిగి రావడం అనుమానమే. మొదటిసారి లేవడానికి, దిగడానికి పట్టిన సమయం ఎంతో చూశాను. కేంద్రాల్లో రైతులు క్యాన్లతో నిలబడి ఉండగా సర్వర్ లేకుండా చేసే హక్కు నాకు లేదు. రాత్రి 8 గంటల వరకు ఆగాలని నిర్ణయించుకుని, ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్ మాన్యువల్ తెరిచి, ముందే చదవవలసిన భాగాన్ని అప్పుడు చదివాను.

స్ట్రిక్ట్ మోడ్స్ అనే అమరిక ఒకటి ఉంది, ఏమీ మార్చకపోతే అది అమల్లోనే ఉంటుంది. అది ఆథరైజ్డ్ కీస్ ఫైలు ఒక్కదాన్నే చూడదు. ఆ ఫైలు దగ్గర మొదలుపెట్టి, అది ఉన్న డాట్ ఎస్‌ఎస్‌హెచ్ ఫోల్డర్‌ను, దాని పైనున్న హోమ్ డైరెక్టరీని, ఇలా మెట్టు మెట్టుగా పైకి ఎక్కుతూ తనిఖీ చేస్తుంది. యజమాని కానివారికి రాసే అనుమతి ఎక్కడ కనిపించినా అక్కడే ఆగి, ఆ ఒక్క పేరునే లాగ్‌లో రాసి, వెనక్కి పంపేస్తుంది. లాగ్‌లో నాకు కనిపించింది మొదటి మెట్టు మాత్రమే. దాని పైన 700 ఉండవలసిన ఫోల్డర్ 720గా, 750 ఉండవలసిన హోమ్ డైరెక్టరీ 770గా నేను మార్చినవి మార్చినట్లే ఉన్నాయి. అందులో అన్యాయం ఏమీ లేదు. కీల జాబితా ఉన్న ఫైలుకు ఎంత కాపలా పెట్టినా, దాని పై ఫోల్డర్‌లో రాయగలిగినవాడు ఆ జాబితాను పక్కకు తోసేయగలడు. 1995లో ఫిన్లాండ్‌లోని హెల్సింకి సాంకేతిక విశ్వవిద్యాలయంలో నెట్‌వర్కు మీద ఎవరో పాస్‌వర్డ్‌లు దొంగిలిస్తే, దానికి విరుగుడుగా తాతు యూలొనెన్ ఎస్‌ఎస్‌హెచ్ రాశారు. మేము వాడే ఓపెన్ ఎస్‌ఎస్‌హెచ్‌ను ఓపెన్ బీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ తయారుచేసే బృందం 1999లో విడుదల చేసింది. దొంగను దృష్టిలో పెట్టుకుని పుట్టిన పనిముట్టు ఇంత అనుమానంతో ఉండడమే సబబు.

ఈ సంగతంతా ఫోన్‌లో ఆ అమ్మాయికి వివరించాను. నిన్న ఆమె పని కోసమే ఆ కమాండ్ నడిపాను కాబట్టి, తన వల్లే ఇదంతా జరిగిందని ఆమె మనసు కష్టపెట్టుకుంటోంది. ఆ భారం ఆమెది కాదని చెప్పడమే నా ఉద్దేశం. ఆమె అంతా విని, కాసేపు ఆగి, "సర్, గంటగంటకూ మొత్తాలు కట్టే స్క్రిప్టు మీ ఖాతా కింద నడుస్తుంది కదా, ఆ ఫైలు కూడా మీ హోమ్‌లోనే ఉంది. నేను ఇప్పుడు చూస్తున్నాను, దాంట్లో నేను రాయగలను" అంది.

నాకు ఒక్క నిమిషం మాట రాలేదు. ఆమె చెప్పింది అక్షరాలా నిజం. అనుమతులు మార్చే అధికారం ఫైలు యజమానికి, రూట్‌కు మాత్రమే ఉంటుంది. అందుకే ఆమె ఖాతా నుంచి నేరుగా నా ఫోల్డర్లను సరిచేయడం కుదరదు. కానీ నిర్ణీత వేళలకు పనులు మొదలుపెట్టే క్రాన్ అనే ప్రోగ్రామ్ నా పేరు మీద నడిపే స్క్రిప్టు ఏం చేసినా అది నేను చేసినట్లే. ఆ స్క్రిప్టు 750 నుంచి 770కి మారి, ఆమె చేతికి అందేలా అయింది. నన్ను బయటికి నెట్టిన కమాండే లోపలికి రావడానికి ఇంకో దారి తెరిచి ఉంచింది.

ఆమె చేత ముందుగా ఆ స్క్రిప్టుకు ఒక నకలు తన సొంత ఫోల్డర్‌లో తీయించాను. తర్వాత స్క్రిప్టు మొదట్లో మూడే మూడు పంక్తులు చేర్పించాను: హోమ్ డైరెక్టరీకి 750, డాట్ ఎస్‌ఎస్‌హెచ్ ఫోల్డర్‌కు 700, ఆథరైజ్డ్ కీస్ ఫైలుకు 600. మూడో దాన్ని నేను అప్పటికే సరిచేశాను, అయినా మళ్లీ రాయించాను. ప్రతి పంక్తినీ ఆమె అక్షరం అక్షరం చదివి వినిపిస్తే నేను కాగితం మీద రాసుకుని సరిచూశాను. నిన్నటి తొందర మళ్లీ చేయదలచుకోలేదు. అప్పటికి సాయంత్రం 5 గంటల 50 నిమిషాలు. స్క్రిప్టు ప్రతి గంటా 5వ నిమిషంలో నడుస్తుందని నాకు గుర్తు.

6 గంటల 5 నిమిషాలు అయింది. 6 గంటల 7 నిమిషాలకు ప్రయత్నించాను, తలుపు తెరుచుకోలేదు. 10 నిమిషాలకు ప్రయత్నించాను, లేదు. స్క్రిప్టులో ఏదైనా తప్పు దొర్లి మొత్తాల లెక్కే ఆగిపోయిందేమోనని భయం వేసింది. అప్పుడు ఆమె మొత్తాల ఫైలు చివరిసారి ఎప్పుడు మారిందో చూసి, 12 గంటల 5 నిమిషాలు అని చెప్పింది. మా సర్వర్ గడియారం యూటీసీలో, అంటే ప్రపంచ ప్రామాణిక సమయంలో, ఉంటుంది. మన సమయం దానికంటే 5 గంటల 30 నిమిషాలు ముందు. సర్వర్‌కు గంట దాటి 5 నిమిషాలు అయినప్పుడు, మా గోడ గడియారంలో గంట దాటి 35 నిమిషాలు అవుతుంది. ఇంకా 25 నిమిషాలు ఆగాలి.

ఆ 25 నిమిషాలూ ఇద్దరం ఫోన్ పెట్టేయలేదు. పెద్దగా మాట్లాడుకున్నదీ లేదు. అటువైపు కార్యాలయంలో సాయంత్రం పాల వివరాలు కేంద్రం తర్వాత కేంద్రం చేరుతున్నట్లు ఆమె మధ్యమధ్యలో చెబుతూ ఉంది. 6 గంటల 35 నిమిషాలు దాటి పది సెకన్లు అయ్యాక కమాండ్ కొట్టాను. పాత గుర్తింపు సరిపోయింది, కీని సర్వర్ ఒప్పుకుంది, నాకు ఎంతో అలవాటైన ఆ ఆకుపచ్చ అక్షరాల వరుస తెర మీదకు వచ్చింది. "వచ్చేశానమ్మా" అన్నాను. ఆమె ఏమీ అనలేదు గానీ ఊపిరి వదలడం వినిపించింది.

వెంటనే ఇంకో కిటికీ తెరిచి రెండోసారి లాగిన్ అయి చూశాను, ఆ తర్వాతే మిగతా పని. స్క్రిప్టులో చేర్చిన పంక్తులు తీసేసి, నకలుతో పోల్చి, తేడా లేదని తేల్చుకున్నాను. హోమ్ డైరెక్టరీలో మిగిలిన ఫైళ్లన్నిటి నుంచి గ్రూపు రాసే అనుమతి తొలగించాను. ఆ గ్రూపులో మేమిద్దరం తప్ప ఎవరూ లేరని, నిన్న మధ్యాహ్నం నుంచి ఇప్పటి వరకు ఆమె చేతి మార్పు తప్ప ఏ స్క్రిప్టూ మారలేదని సరిచూసుకున్నాను. ఎందుకంటే ఆమె వాడిన దారి ఎంత మేలు చేసిందో, అదే దారి వేరే చేతుల్లో పడితే అంత కీడు చేసేది. పాస్‌వర్డ్ ఇవ్వకుండానే నా ఖాతా రూట్ పనులు చేయగలదు. నా పేరుతో నడిచే స్క్రిప్టులో రాయగలిగినవారు సర్వర్ మొత్తానికి యజమానులైనట్లే. ఒక రోజు పాటు నేను ఆ అమ్మాయికి ఇచ్చింది పట్టికల ఫోల్డర్ కాదు, సర్వర్ మొత్తం. ఆమె నమ్మకస్తురాలు కావడం మా అదృష్టం, కానీ రైతుల లెక్క అదృష్టం మీద నడవకూడదు.

ఆ వారంలోనే కొన్ని మార్పులు చేశాను. గంటగంటకూ నడిచే స్క్రిప్టును నా హోమ్ నుంచి తీసి, రూట్ తప్ప ఎవరూ మార్చలేని చోట పెట్టాను. వేరే హోమ్ డైరెక్టరీ, వేరే కీ ఉన్న రెండో నిర్వహణ ఖాతా ఒకటి తెరిచాను. ఒకదానికి దెబ్బ తగిలినా ఇంకొకటి నిలబడి ఉంటుంది. ఆ రెండో ఖాతాకు ఒక పొడవైన పాస్‌వర్డ్ పెట్టి, కాగితం మీద రాసి, కవరులో పెట్టి అతికించి, కార్యాలయం బీరువాలో దాచాము. ఎస్‌ఎస్‌హెచ్‌లో పాస్‌వర్డ్‌లు ఆపేసే ఉన్నాయి కాబట్టి అది కన్సోల్ దగ్గర తప్ప ఎక్కడా పని చేయదు. కవరు పెట్టిన రోజునే కన్సోల్ తెరిచి, ఆ పాస్‌వర్డ్‌తో నిజంగా లోపలికి వెళ్లి చూశాను. కన్సోల్ కీబోర్డు అమరిక వేరుగా ఉండడంతో రెండు గుర్తులు తప్పుగా పడుతున్నాయని అప్పుడే తెలిసింది, అక్షరాలు, అంకెలు మాత్రమే ఉన్న పాస్‌వర్డ్‌గా మార్చాను. ప్యానెల్‌లోకి వెళ్లడానికి లెక్కల అధికారి ఫోన్‌తో పాటు ఇంకో ఇద్దరికి అత్యవసర సంకేతాలు ఇచ్చాము.

పట్టికల కోసం నా హోమ్ బయట విడిగా ఒక ఫోల్డర్ పెట్టి, దాని కోసమే ఒక కొత్త గ్రూపు సృష్టించి, ఆ అమ్మాయిని నా గ్రూపులోంచి తీసి అందులో చేర్చాను. 16న ఉదయం బిల్లు అనుకున్న వేళకే తయారైంది. అదే రోజు మధ్యాహ్నం పాలక వర్గం సంతకం కూడా వచ్చింది. కొత్త ధరల పట్టికను ఆమె తన ఖాతాతో, తన చేతుల మీదుగా ఎక్కించింది. ఆ సాయంత్రం 4 గంటలకు మొదటి కేంద్రం నుంచి చేరిన మొదటి చీటీలో లీటరు ధర కొత్తదే పడింది.